సుమెర్తా మాస్టారి చెవి

బాతుగెరెం ఊరి రాతిగుమ్మం దగ్గర నెంగా సుమెర్తా సంచీ దులపకుండా ఒక్క గుడి పండగా గడవలేదు. పండగ రోజు చూసుకుని ఆయన దెన్‌పసార్ నగరంలో బెమో బండి ఎక్కేవాడు. అది ఇక ఎక్కలేనని ఆగిపోయిన చోట దిగి, మిగతా కొండ నడిచి ఎక్కేవాడు. గుమ్మంలో ఊరివాళ్ళు ఇద్దరు కాపలా కూర్చుని ఉండేవాళ్ళు. చొక్కా విదిలించేవాళ్ళు. లవంగం సిగరెట్ల పెట్టె మూత తీసి చూసేవాళ్ళు. అరిటాకు పొట్లం విప్పి అన్నంలోకి వేలు గుచ్చేవాళ్ళు. వాళ్ళు వెతికేవి రెండే. టేపు రికార్డరు ఒకటి, వెదురు బద్ద ఒకటి.

టేపు రికార్డరు ఎందుకో చెప్పక్కర్లేదు. వెదురు బద్ద సంగతి వేరు. మా బాలిలో ఏ రెండు ఊళ్ళ గమెలాన్ మేళానికీ ఒకటే శ్రుతి ఉండదు. ఒక ఊరి వాయిద్యాల శ్రుతి ఇంకో ఊరికి వెళ్ళాలంటే బద్ద మీదే వెళ్ళాలి. కమ్మరి వాయిద్యం మీది లోహపు పలకని ఒక దెబ్బ, బద్దని ఒక దెబ్బ కొట్టుకుంటూ, రెండూ ఒకే గొంతుతో పలికేదాకా బద్దని చెక్కుతాడు. ఒక్కో పలకకి ఒక్కో బద్ద. ఆ కట్ట చంకన పెట్టుకున్నాడంటే ఆ ఊరి గొంతు మొత్తం వాడి చంకలో ఉన్నట్టే.

బాతుగెరెం గుళ్ళో ఉన్నది అందరికీ ఉండే కంచు గమెలాన్ కాదు. ఇనుప పలకలు వేలాడదీసిన సెలొందింగ్. ఉరుముతో పాటు కొండ మీద పడిన ఇనుమని వాళ్ళ నమ్మకం. ఆ ఇనుము వేరు, దేవుడు వేరు అని వాళ్ళు అనుకోరు. బయటివాడు ముట్టుకుంటే మైల. ఊరివాడైనా పండగ రోజు తప్ప ముట్టడానికి లేదు. ఆ పాట పొలంలో ఎవడైనా ఈలగా వేస్తే పెద్దలు పిలిపించి, ఎందుకు వేశావురా అని అడుగుతారు.

అలాంటి ఊరికి సుమెర్తా ఏళ్ళ తరబడి వెళ్ళాడు. కంచెలో దూరడానికి చూసే మేకని చూసినట్టు చూసేవాళ్ళు ఆయన్ని. వెళ్ళిన ప్రతిసారీ బయటి వాకిట్లో, పందుల దొడ్డి వైపు అరుగు మీద కూర్చోబెట్టేవాళ్ళు. అక్కడ కూర్చుని ఒక్కో పాటా విన్నాడు. అన్నీ విన్నాడు, ఆఖరిది తప్ప. అది లోపలి వాకిట్లో, తలుపు వేసుకుని వాయిస్తారు. దాన్ని వినాలంటే మంకు, అంటే ఆ గుడి పూజారి, పిలవాలి. ఆయనేమో ప్రతి పండక్కీ ఆకు నములుతూ, "చూద్దాంలే, మళ్ళీ పండక్కి" అనేవాడు. సుమెర్తాకి బతుకులో కావలసిందల్లా ఆ "మళ్ళీ పండగ" రావడమే. అకాడమీలో జీతం, పిల్లలకి పాఠం, పోటీల్లో బహుమతి, అవన్నీ ఆయనకి దాని తరవాతే.

ఆయన పుట్టింది కింద వరిపొలాల ఊళ్ళో. నాన్న బాతులు కాసేవాడు. పొద్దున్నే పొడుగాటి కర్ర చివర తెల్లగుడ్డ కట్టుకుని బాతుల్ని కోసిన మళ్ళలోకి తోలేవాడు. ఆ ఊరికి, పక్క ఊరికి గమెలాన్ పోటీ. పోటీ అంటే చేతులు కలుపుకుని నవ్వుకునే రకం కాదు. కొత్త పాట కడుతున్నారంటే సాధన చేసే కొట్టం చుట్టూ తడికలు కట్టేవాళ్ళు, వీధి మొదట్లో మనిషిని పెట్టేవాళ్ళు. అవతలి ఊరివాడు విన్నాడా, పోటీ రోజున మన పాట వాళ్ళ నోట్లోంచి ముందే వస్తుంది. అందుకని మా వాళ్ళు చెవులు పంపుకునేవాళ్ళు. సుమెర్తా ఊరికి దొరికిన మంచి చెవి సుమెర్తాయే. మామకి సిగరెట్లు కొనాలన్న వంకతో పక్క ఊరు వెళ్ళి, తడిక వెనకాల మురుక్కాలవ గట్టున కూర్చునేవాడు. వాడి చెవిలో పాట పడితే ఇంటికొచ్చేదాకా ఒక చుక్క కూడా కారదని పెద్దవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఇంటికొచ్చి అంతా నోటితో పాడేవాడు. కోడి తొడ వాడి ఆకులో పడేది. దానికి సిగ్గుపడాలని ఎవరూ చెప్పలేదు, అందరూ చేసే పనే అది. ఒకసారి మాత్రం పక్క ఊరివాళ్ళు పసిగట్టి రాళ్ళేశారు. ఎడమ కనుబొమ మీద గాటు అలా వచ్చిందే.

ఆ చెవే ఆయన్ని నగరంలో చదువుకి తీసుకెళ్ళింది. జావాలో రెండేళ్ళు ఉంచింది. అయిదు గీతల మీద చుక్కలు పెట్టి పాట రాసుకోవడం నేర్పింది. తిరిగొచ్చి అకాడమీలో మాస్టారయ్యాడు. కొత్త పాటలు కట్టడం ఎలాగో పిల్లలకి చెప్పడం, తను కట్టడం ఆయన పని. బాగానే కట్టాడు. కానీ కట్టిన ప్రతి మంచి ముక్కనీ నిలదీసి అడిగేవాడు, నువ్వు ఎవరిదానివి అని. ఏ తడిక వెనకాల విన్నదో, ఏ పెళ్ళి ఊరేగింపులో చెవిలో పడిందో. పాట పూర్తయ్యేసరికి సగం కొట్టేసేవాడు. ఎక్కువ మెచ్చుకుంటే ఇంకా అనుమానం వచ్చేది. ఇంతమందికి ఇంత తొందరగా నచ్చిందంటే వీళ్ళకిది ముందే తెలుసన్నమాట అనుకునేవాడు.

పాత సంగీతాల వెంట పడటం ఆ అనుమానంతోనే మొదలైంది. ఎవరిది ఏదో తేల్చేసుకుంటే మిగిలింది తనదవుతుంది కదా అనుకున్నాడు. గంబాంగ్ అనే వెదురు వాయిద్యం వాయించే ముసలివాళ్ళ దగ్గరికి, శవం వెనక వాయించే మేళాల దగ్గరికి, చివరికి కొండ మీదికి తిరిగాడు. ఇలాంటి భయానికి చదువుకున్న చోట పరిశోధన అని పేరు పెట్టి జీతం ఇస్తారు. మంచిదే.

ఆ ఏడాది నగరంలో జరిగే కళోత్సవానికి అకాడమీ తరఫున కొత్త పాట కట్టమని ఆయన్ని అడిగారు. ఆయన మనసు ఇనుము మీద పడింది. కంచు మెరుస్తుంది, ఇనుము ఊపిరి పీలుస్తుంది అనేవాడు. అయితే కొండవాళ్ళ శ్రుతి పొరపాటున కూడా తగలకూడదు. అందుకని కమ్మరి సుదిరా దగ్గరికి వెళ్ళి, పలకలు కొట్టి ఇవ్వు చాలు, శ్రుతి పెట్టొద్దు, ఆ పని నేను చేసుకుంటానని చెప్పాడు. బద్దలు ఎక్కడివి అని సుదిరా అడిగితే బద్దలు లేవన్నాడు. ఏ ఊరి శ్రుతీ కాదు, నా శ్రుతి. సుదిరా నవ్వి, అయితే ఆ ఇనుము ఎవరికీ బాకీ లేదన్నమాట, అన్నాడు.

పలకలు వచ్చాయి. సుమెర్తా వాటిని ఇంటి వాకిట్లో ధాన్యపు కొట్టు నీడన పరుచుకుని ఆకురాయి పట్టుకు కూర్చున్నాడు. పలక అడుగున నడుమ ఆకురాయితో రాస్తే గొంతు దిగుతుంది. చివర్లు రాస్తే పైకి పోతుంది. కొట్టడం, వినడం, రాయడం. కొండ శ్రుతి ఎటు ఉంటే దానికి ఎదురు తిరగాలని నిక్కచ్చిగా అనుకున్నాడు. ఒక్కో పలక దగ్గరా, కొండది ఇంత ఎత్తు, నాది దానికంటే తక్కువ, అని తల్లోనే కొలుచుకుంటూ రాశాడు. చేతులు ఇనుప పొడితో నల్లబడ్డాయి. మొత్తం అయ్యాక కర్ర సుత్తి పట్టుకుని కట్టబోయే పాట ముక్కలు కొన్ని వాయించాడు. బాగుంది. చాలా రోజుల తరవాత మొదటిసారి, ఇది ఎవరిది అని అడగలేదు.

ఆయన భార్య సాద్రి అరుగు మీద కొబ్బరాకులు కోసి పూజకి బుట్టలు అల్లుతోంది. విని, తల ఎత్తకుండానే, "కొండ నుంచి వచ్చిన రోజు స్నానం చేస్తూ ఇదే ఈల వేస్తావ్ నువ్వు" అంది.

"ఏ ఈల?"

"ఇదే. నీళ్ళు పోసుకున్నంతసేపూ."

నేను ఈల వెయ్యను అన్నాడు సుమెర్తా. సాద్రి మరో ఆకు తీసుకుంది. ఆయనకి కోపం వచ్చింది. పాట గురించి ఆమెకి ఏం తెలుసని. కానీ ఆ సాయంత్రం స్నానం చేస్తూ పెదాలు బిగబట్టి ఉంచుకున్నాడు. బిగబట్టాల్సి వచ్చింది, అదే ఆయనకి నచ్చలేదు.

కొద్ది రోజులకి కొండ మీంచి మనుషులు దిగారు. మంకు ముందు, ఆయన వెనక రుమెక్ అనే పెద్దమనిషి, కారి అనే ఎద్దు మెడ కుర్రవాడు. కారి గుమ్మం దగ్గర సంచీ దులిపే ఇద్దర్లో ఒకడు. ముగ్గురూ నడుముకి గుడి బట్ట చుట్టుకుని వచ్చారు. అది చూడగానే సుమెర్తాకి, వీళ్ళు చుట్టపుచూపుగా రాలేదని తెలిసింది. చాప వేశాడు. సాద్రి కాఫీ తెచ్చింది, ఆకు వక్క పెట్టింది. ఎవరూ గ్లాసు ముట్టలేదు. ఇంకొకరి ఇంట్లో కాఫీ పెట్టాక తాగకపోవడమంటే మా దగ్గర నోరు మెదపకుండా తిట్టడం. ఈ కాఫీలో ఏం కలిపావో అని అడిగినట్టు.

సాద్రి నడుం మీద చెయ్యేసి నిలబడింది. "నేను ముందు తాగి చూపించనా మంకు గారూ?"

"వద్దమ్మా, కడుపు బాలేదు" అన్నాడు మంకు.

"ముగ్గురికీ ఒకేసారి బాలేదా?"

సుమెర్తా ఆమెని లోపలికి వెళ్ళమని కళ్ళతోనే అడిగాడు. వెళ్ళింది, కానీ వంటింటి గడప దాటి అవతలికి పోలేదు.

మంకు తన సంచీలోని వక్క తీసి కత్తిరించుకున్నాడు. తరవాత చెప్పాడు. "మాస్టారూ, నువ్వు ఇనుము కొట్టించావంట."

దాచడానికేం ఉంది, అదుగో అక్కడే ఉందని సుమెర్తా చూపించాడు. ఎవరు చెప్పారు అని అడగబోయి ఆగిపోయాడు. అడిగితే భయపడ్డట్టు ఉంటుంది. కానీ బుర్ర మాత్రం ఆగలేదు. సుదిరా చెప్పి ఉంటాడు, కమ్మరికి నోరు కొలిమంత. లేదా అకాడమీలో పక్క గది దేవా చెప్పి ఉంటాడు, వాడికి ఈ పాట కట్టే పని తనకి రాలేదని మంట. కొండవాళ్ళకి ఆయన మీద అనుమానం, ఆయనకి మిగతా లోకం అంతటి మీదా అనుమానం. ఎవరు చెప్పారో ఆయనకి చివరిదాకా తెలియలేదు.

ఇంతకు ముందు ఒకడు ఇలాగే వచ్చి మా దగ్గర తిని, విని, కింద ఎవరికో చేయించి అమ్ముకున్నాడని రుమెక్ గుర్తు చేశాడు. అప్పటి నుంచి మూడు పంటలు ఎలకలు కొట్టేశాయని చెప్పాడు. సుమెర్తా చిన్నప్పుడు తడికల వెనక చేసిన పని కూడా వాళ్ళకి తెలుసు. కారి ఆయన కనుబొమ మీద గాటు వైపు వేలు చూపించి, ఆ రాయి వేసిన ఊరివాళ్ళతో మాట్లాడామని చెప్పాడు. సుమెర్తా దేన్నీ కాదనలేదు. చేసింది చేశాను, కానీ ఇది మాత్రం కొండది కాదు, కావాలని దూరంగా పెట్టాను, కావాలంటే వినండి అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఆయనకి అందులో ఏ అనుమానమూ లేదు.

"పాట వద్దు" అన్నాడు మంకు. "పాటలో ఎన్నయినా దాచొచ్చు. ఒక్కొక్క పలకా కొట్టు. ఈ చివర నుంచి ఆ చివరకి. కొట్టి ఆగు."

సుమెర్తా సుత్తి తీసుకున్నాడు. మొదటిది కొట్టాడు. ఆగాడు. రెండోది. ఆగాడు. కొండ గుళ్ళో పండగ పొద్దున వాయిద్యం మీద గుడ్డ తీసి, దేవుణ్ణి లేపడానికి ఇలాగే ఒక్కొక్కటే కొడతారు. ఇన్నాళ్ళూ ఆయన ఈ పలకల మీద ముక్కలు వాయించాడే గానీ ఇంత నిదానంగా, మెట్టు మెట్టుగా ఎప్పుడూ కొట్టలేదు. మూడో పలక మోగి, ఆ మోత ధాన్యపు కొట్టు కింద తిరుగుతుండగా ఆయనకి బయటి అరుగు గుర్తొచ్చింది. పందుల దొడ్డి వాసన వచ్చింది, ఇక్కడ పందులు లేవు. నాలుగోది కొట్టాడు. సందేహం పోయింది. అది కొండే. దూరంగా జరిపానని అనుకుని జరిపి జరిపి, ఒక్కో పలకనీ సరిగ్గా దాని ఇంటికే తెచ్చి పెట్టాడు. ఎత్తు అనుకున్నది ఎత్తు కాదు. తల్లో కొలత తలకిందులుగా ఉంది. చెవి మాత్రం తన పని తాను చేసుకుపోయింది, తడిక వెనక నేర్చుకున్నట్టే.

చివరిదాకా కొట్టాడు. సుత్తి కింద పెట్టాడు.

ఇక కొండవాళ్ళు వాదించుకోవడం మొదలుపెట్టారు. కారి ఇది మన శ్రుతే అన్నాడు. రుమెక్ కాదన్నాడు. మూడోది మన దాంట్లో కొంచెం ఏడుస్తుంది, ఇది ఏడవట్లేదు అన్నాడు. ఏడ్చింది, నీకే వినపళ్ళేదు అన్నాడు కారి. నీ వయసుకి రెండింతలు విన్నాన్రా అన్నాడు రుమెక్. మళ్ళీ కొట్టించారు. ఈసారి రుమెక్ మనదే అన్నాడు, కారి కాదేమో అన్నాడు. పక్కన పెట్టి పోల్చడానికి వాళ్ళ ఇనుము కొండ దిగదు. బద్ద చెక్కడం వాళ్ళే నిషేధించారు. టేపు వాళ్ళే నిషేధించారు. తమ శ్రుతి దొంగతనం కాకుండా కట్టిన గోడ, అది దొంగతనం అయిందో లేదో తమకే తెలియకుండా అడ్డం నిలబడింది.

మంకు వక్క ఉమ్మాడు. లేచాడు. "మాకేం తేలట్లేదు మాస్టారూ. తేలనప్పుడు నిందెయ్యడం తప్పు. మళ్ళీ పండక్కి రా. ఈసారి లోపలి వాకిట్లో కూర్చో."

సుమెర్తా ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట అది. ఆయన నోరు తెరవక్కర్లేదు. సరేనని చేతులు జోడిస్తే చాలు. సాద్రి గడప మీద నిలబడి ఆయన మొహమే చూస్తోంది. ఈల గురించి చెప్పింది ఆమే కదా.

"కూర్చోండి మంకు గారూ" అన్నాడు సుమెర్తా. "అది మీదే."

"ఏది?"

"శ్రుతి. నేను కావాలని చెయ్యలేదు. కానీ మీదే."

కారి ముందుకి వచ్చాడు. "ఇందాకటిదాకా కాదన్నావుగా?"

"ఇందాకటిదాకా నాకు తెలీదు."

"నీ చెయ్యి, నీ ఆకురాయి, నీ వాకిలి. నీకే తెలీదు."

రుమెక్‌కి ఇది ఇంకా పెద్ద మోసంలా కనిపించింది. ఊరికే ఎవడూ ఒప్పుకోడు అని ఆయన లెక్క. వదిలేసి పోతున్న వాళ్ళని వెనక్కి పిలిచి మరీ ఒప్పుకుంటున్నాడంటే దీని కింద ఇంకోటి ఉంది. మంకు చెవిలో ఏదో గొణిగాడు. ఇంకో జత ఎక్కడో దాచి ఉంటాడు, దీన్ని మనకి చూపించి దాన్ని మింగేస్తాడని. కాదన్నంతసేపూ నమ్మడానికి చూసినవాళ్ళు, నిజం చెప్పగానే నమ్మడం మానేశారు.

మంకు మాత్రం ఒక్క ప్రశ్నే అడిగాడు. "బద్ద లేకుండా ఎలా తెచ్చావ్?"

సుమెర్తా వేలితో చెవి చూపించాడు.

మంకు ఆ చెవి వైపు చూశాడు. "మనవాళ్ళు సంచీ ఒక్కటే వెతికారు" అన్నాడు కారితో.

సుమెర్తా ఆకురాయి తీసుకుని మొదటి పలక తిరగేశాడు. రాస్తాను, మీ ఎదుటే చెరిపేస్తాను అన్నాడు. రాయడం మొదలుపెట్టాడు. రాసి, కొట్టి, చాలా అన్నట్టు చూశాడు. దూరంగా పోతోందని మాకెలా తెలుస్తుంది అని రుమెక్ అడిగాడు. తెలీదన్నాడు. నీ మాటే నమ్మాలా అన్నాడు కారి, ఇంకా దగ్గరికి తెస్తున్నావేమో. నమ్మక్కర్లేదన్నాడు. ఆయనకే నమ్మకం లేదు. ఇది దూరం అని చెవి చెప్పినప్పుడల్లా, ముందు కూడా ఇదే చెప్పింది కదా అని గుర్తొచ్చింది. ఒకే పలకని దించాడు, ఎత్తాడు, మళ్ళీ దించాడు. ఎటు రాసినా చివరికి చెయ్యి ఒక చోటికే పోయి ఆగాలని చూస్తోంది. నీళ్ళు పల్లానికి పోయినట్టు. అరచేతిలో బొబ్బ చిట్లింది.

సాద్రి ఇక ఆగలేకపోయింది. వాకిట్లోకి వచ్చింది. "పొద్దున్నించీ చూస్తున్నా. కాఫీ తాగరు, మాట నమ్మరు. అంత అనుమానమైతే మీరే రాసుకోండి. ఆ ఇనుమేం గుడిది కాదుగా, మైల పడటానికి."

కారి మంకు వైపు చూశాడు. మంకు గడ్డం ఊపాడు. కారి ఆకురాయి లాక్కుని, కట్టెలు కోసినట్టు పలకని కసకసా రాశాడు. జీవితంలో ఎప్పుడూ పట్టుకోని పనిముట్టు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. సుమెర్తా ఆ పలకని కొట్టాడు. అది ఎవరూ ఎక్కడా వినని గొంతుతో మోగింది. గొంతు బొంగురుపోయిన ముసలమ్మ గుమ్మడికాయ బేరం ఆడుతున్నట్టు ఉంది. రుమెక్ మొహం వికారంగా పెట్టాడు. సుమెర్తాకి పంటి మీద ఇసక పడ్డట్టు అయింది. వెంటనే ప్రాణం తేలికపడింది. అందులో ఎవరి చెవీ లేదు.

తరవాతిది రుమెక్ చేతికిచ్చాడు. ఆ తరవాతిది సాద్రికి. ఆమె కొబ్బరి కోరినట్టు కోరింది. మంకు కూడా చివరికి ఒకటి పట్టుకున్నాడు, రెండు గీతలు గీసి చాలన్నాడు. మిగతావి కారి, రుమెక్, సాద్రి పంచుకున్నారు. ఒకరు రాస్తుంటే ఇంకొకరు కాపలా చూశారు, వీడు నిజంగా పాడు చేస్తున్నాడా లేదా అని. సుమెర్తా మళ్ళీ ఆకురాయి ముట్టలేదు. ఎండ ధాన్యపు కొట్టు దాటి అవతలి గోడ మీదికి వెళ్ళేసరికి పని అయింది. కాఫీ చల్లారి పైన మీగడలా పొడి తేలింది. దాహానికి కారి ఒక గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. తాగాక గుర్తొచ్చి గ్లాసులోకి చూశాడు.

"ఏం కాదులే" అంది సాద్రి. "మా ఆయన రోజూ అదే తాగుతాడు. ఆయన చెవి తప్ప ఇంకేం పాడవలేదు."

వెళ్ళేటప్పుడు మంకు పండగ మాట ఎత్తలేదు. రా అనలేదు, రావద్దనలేదు. లోపలి వాకిలి మాట అసలే లేదు. సుమెర్తా అడగలేదు.

కళోత్సవంలో ఆ పలకల మీదే వాయించారు. కట్టుకున్న పాట ఆ శ్రుతికి అతకలేదు. పారేసి, ఆ బొంగురు గొంతులు ఏం మాట్లాడగలవో విని కొత్తది కట్టాడు. తీర్పు చెప్పేవాళ్ళు వాయిద్యాలకి శ్రుతి పెట్టడం మరిచిపోయారా అని అడిగారు. అకాడమీ పెద్దలకి ఇబ్బంది అయింది. దేవా వచ్చి భుజం తట్టి, ధైర్యం చేశారు మాస్టారూ అన్నాడు. ఆ తట్టడంలో ఎంత జాలి, ఎంత సంతోషం ఉన్నాయో సుమెర్తా కొంతసేపు లెక్క కట్టాడు. ఇది ఎవరిది అన్న ప్రశ్న మాత్రం ఆ పాట గురించి రాలేదు. అది బొత్తిగా ఎవరికీ నచ్చలేదు కాబట్టి తనదే అయి ఉంటుందనుకున్నాడు.

పండగ వచ్చింది. పిలవకపోయినా బయల్దేరాడు. పోతే పొమ్మంటారు, అంతే కదా అని సాద్రికి చెప్పాడు. అంతే కాదని ఇద్దరికీ తెలుసు.

రాతిగుమ్మం దగ్గర సంచీ అడగలేదు. ఆయనే తెరిచి చూపించబోతే వద్దు పదండి అన్నారు. అంత మర్యాద ఆయన్ని ఎప్పుడూ లేనంతగా భయపెట్టింది. మంకు ఎదురొచ్చాడు. లోపలి వాకిలి వైపు కాదు, బయటి అరుగు వైపు కూడా కాదు, గుడి వెనక వంటసాలకి తీసుకెళ్ళాడు. అక్కడ మగవాళ్ళు రెండు వరసల్లో కూర్చుని, మొద్దు చెక్కల మీద పంది మాంసం, పచ్చి పనసకాయ, కొబ్బరి నరుకుతున్నారు. దేవుడికి పెట్టే లావర్ కూరకి. అన్ని కత్తులు ఒకేసారి పడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. మంకు ఒక కత్తి తీసి సుమెర్తా చేతిలో పెట్టాడు.

"నువ్వు ఇక్కడ."

"ఇక్కణ్ణించి వినపడదు కదా మంకు గారూ."

"అందుకే."

మంకు వెళ్ళిపోయాడు. సుమెర్తా కాళ్ళు మడుచుకుని వరసలో కూర్చున్నాడు. పక్కన కారి. ఊళ్ళోకి రానిచ్చారు. వరసలో కూర్చోనిచ్చారు. ఊరివాళ్ళు తినే కూర ఆయన చేత్తో నరకనిచ్చారు, అది ఏ బయటివాడికీ దక్కలేదు. చెవిని మాత్రం రానివ్వలేదు. ఆయన కత్తి ఎత్తాడు.

కొంతసేపటికి లోపలి వాకిలి తలుపు మూశారు. దేవుడి గొడుగులు లోపలికి పోవడం దూరం నుంచి కనిపించింది. ఆఖరి పాట మొదలవుతుంది. కారి చూపు సుమెర్తా చేతి మీద నిలిచింది. ఆ చెయ్యి నెమ్మదిస్తుందా అని. నెమ్మదించలేదు. మాంసం మెత్తగా అయ్యాక ఒక్కొక్కరే కత్తులు ఆపి, చెక్కల మీంచి కూర గీకి తట్టల్లోకి ఎత్తడం మొదలుపెట్టారు. చప్పుడు పలచబడింది. గోడ మీంచి ఇనుము మోత ఒక పోగు, సన్నగా, వంటసాలలోకి వచ్చింది.

సుమెర్తా ఒక్కడే నరుకుతూ ఉన్నాడు. ఇంకా గట్టిగా, ఇంకా దగ్గర దగ్గరగా. ఆ దెబ్బలు లోపలి పాట తాళానికి పడుతున్నాయేమోనని కారి తల పక్కకి వంచి చాలాసేపు విన్నాడు. పడుతున్నట్టూ అనిపించింది, పడనట్టూ అనిపించింది. తేల్చుకోలేకపోయాడు.

"మాస్టారూ, మాంసం అయిపోయింది. నువ్వు చెక్కని కొడుతున్నావ్."

"తెలుసు" అన్నాడు సుమెర్తా, ఆపకుండా.

కారి తన వెనక ఉన్న తట్టలోంచి అల్లం, ఉల్లిపాయలు రెండు చేతులతో ఎత్తి ఆయన కత్తి కిందికి తోశాడు.